ఆడియోమాత్ సమీక్ష: మన గబ్బిలాలకు ఈ చిన్న రికార్డరు సరిపోతుందా?

గబ్బిలాల మీద పరిశోధన మొదలుపెట్టే విద్యార్థులు ఇప్పుడు ముందుగా ఆరా తీసే పరికరం ఆడియోమాత్. 58 మిల్లీమీటర్ల పొడవు, 48 వెడల్పు, 15 మందం ఉండే బోర్డు. మూడు డబుల్ ఏ సెల్లులు వేసినా వంద గ్రాముల లోపే తూగుతుంది. మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టి, ల్యాప్‌టాప్‌లో వేళలు నిర్ణయించి చెట్టుకు కట్టేస్తే, మనిషి చెవికి అందని కూతలను రాత్రంతా రికార్డు చేసి ఉంచుతుంది. ధర వంద డాలర్లకు అటూ ఇటూ. ఇదే పని చేసే సాంగ్ మీటర్ మినీ బ్యాట్ లాంటి రికార్డరు ఒక్కటి కొనే డబ్బుతో వీటిని ఐదారు కొనొచ్చు.

కొనదగ్గ వస్తువే, ఆ విషయంలో సందేహం లేదు. చిక్కంతా సెట్టింగుల్లో ఉంది. దీని వాడకం గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం బ్రిటన్, యూరప్ గబ్బిలాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటినే తెచ్చి మన కోటల్లో, పాత గుళ్ళల్లో, గుహల దగ్గర వాడితే కొన్ని జాతులు ఆ చోట అసలు లేవని తేలుతుంది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ చోటు సెట్టింగులకే ఇస్తున్నాం.

ఇది గబ్బిలాల కోసమే పుట్టిన పరికరం కాదు. సౌతాంప్టన్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఓపెన్ అకౌస్టిక్ డివైసెస్ పేరుతో దీన్ని తయారుచేశారు. ఇంగ్లండులోని న్యూ ఫారెస్ట్‌లో ఏళ్ళ తరబడి జాడ లేని ఒక సికాడా పురుగును వెతకడం, మధ్య అమెరికాలోని బెలీజ్ అడవుల్లో వేటగాళ్ళ తుపాకీ చప్పుళ్ళు పట్టడం దీని తొలినాటి పనులు. బోర్డు డిజైను, దాన్ని నడిపే ప్రోగ్రాము (ఫర్మ్‌వేర్) రెండూ ఎవరైనా చూసి మార్చుకునేలా బయట పెట్టారు. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చినప్పుడల్లా ఉచితంగా ఎక్కించుకోవచ్చు. అదే బోర్డులో వేరే ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే యూఎస్‌బీ మైక్రోఫోనుగా మారి, ల్యాప్‌టాప్ తెర మీద కూతలను అప్పటికప్పుడే చూపిస్తుంది. పరిశోధన నిధులు తక్కువగా ఉన్న చోట ఈ రెండో ఉపయోగం చిన్నదేమీ కాదు.

ఇక అసలు సంగతి. ఆడియోమాత్ శాంప్లింగ్ రేటును, అంటే సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలవాలో చెప్పే సంఖ్యను, 8 నుంచి 384 కిలోహెర్ట్జ్ వరకు పెట్టుకోవచ్చు. ఏ రేటు పెట్టినా అందులో సగం వరకు స్థాయి (ఫ్రీక్వెన్సీ) ఉన్న ధ్వనులే సరిగ్గా రికార్డవుతాయి. గబ్బిలాలకు 250 చాలు అన్న సలహా చాలా చోట్ల కనిపిస్తుంది. బ్రిటన్‌కు అది నిజంగానే చాలు. అక్కడ అన్నిటికన్నా పైస్థాయిలో కూసే చిన్న లాడంముక్కు గబ్బిలం 110 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, 250లో సగం 125.

మన దగ్గర లెక్క వేరు. పాత కట్టడాల్లో, బండల సందుల్లో గుంపులుగా ఉండే ఆకుముక్కు గబ్బిలం హిప్పోసిడెరోస్ స్పియోరిస్ 130 కిలోహెర్ట్జ్ చుట్టూ కూస్తుంది. దాని బంధువు హిప్పోసిడెరోస్ ఫుల్వస్ 150 చుట్టూ ఉంటుంది. 250 పెడితే ఈ రెండూ 125 హద్దు దాటిపోతాయి. అంతకన్నా ప్రమాదం ఇంకొకటి ఉంది. హద్దు దాటిన ధ్వని పూర్తిగా మాయం కాకుండా, అద్దంలో తిరగబడినట్టు కిందికి మడత పడి కనిపించవచ్చు. ధ్వనిని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో 135 కిలోహెర్ట్జ్ కూత 115 దగ్గర, 150 కూత 100 దగ్గర గీతగా పడుతుంది. 100 దగ్గర గీత చూసినవాడు దాన్ని లాడంముక్కు గబ్బిలం అనో, ఇంకో ఆకుముక్కు జాతి అనో రాసుకుంటాడు. పొరపాటు జాతుల పట్టికలోకి ఎక్కిందంటే దాన్ని పట్టుకోవడం చాలా కష్టం. కాబట్టి ఆంధ్ర, తెలంగాణలతో సహా దక్షిణ భారతంలో ఎక్కడ పెట్టినా 384 తప్ప ఇంకో మాట లేదు. కార్డు నిండిపోతుందని రేటు తగ్గించకండి. రికార్డు చేసే వేళలు తగ్గించుకోండి.

384 పెడితే కార్డు ఎంత తింటుందో ముందే తెలుసుకోవాలి. ఫైలు 16 బిట్ల వేవ్ ఫైలు, ఒకే చానెల్. సెకనుకు 768 కిలోబైట్లు, నిమిషానికి 46 మెగాబైట్లు, గంటకు 2.76 గిగాబైట్లు. పన్నెండు గంటల రాత్రి ఆపకుండా రికార్డు చేస్తే 33 గిగాబైట్లు, అంటే 64 గిగాబైట్ల కార్డు రెండో రాత్రి తెల్లారేలోపే నిండిపోతుంది. ఐదు నిమిషాలకు ఒక నిమిషం చొప్పున రికార్డు చేస్తే రాత్రికి 6.6 గిగాబైట్లు, అదే కార్డు తొమ్మిది రాత్రులు వస్తుంది. ఒక చోటు గబ్బిలాలు వాడుకుంటున్నాయా లేదా, ఏ వేళల్లో ఎక్కువ తిరుగుతున్నాయి అన్న ప్రశ్నలకు ఈ పద్ధతి సరిపోతుంది.

ఇక్కడ ఈ పరికరానికి ఉన్న ఒక లోటు చెప్పాలి. గబ్బిలాలు పొద్దు గూకిన మొదటి రెండు గంటల్లో బాగా తిరుగుతాయి. ఆ రెండు గంటలు ఆపకుండా, మిగతా రాత్రి విడతలుగా రికార్డు చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ సాధారణ ఫర్మ్‌వేర్‌లో ఎన్ని వేళలు పెట్టుకున్నా, రికార్డు చేసే నిడివి, ఆగే నిడివి అన్నిటికీ ఒకటే. ఒక చోట రెండు రికార్డర్లు, ఒకటి సాయంత్రానికి, ఇంకొకటి రాత్రికి పెట్టడమే తేలికైన దారి. ధర తక్కువ కాబట్టి అది సాధ్యమే.

వేళల సంగతిలో, సెట్టింగులు పెట్టే కొత్త కాన్ఫిగరేషన్ యాప్ ఒక మంచి సౌకర్యం ఇచ్చింది. అక్షాంశం, రేఖాంశం ఇస్తే సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా అని పెట్టుకోవచ్చు. హైదరాబాదులో జూన్ నెలలో పొద్దు ఆరూ యాభైకి వాలితే నవంబరు చివర ఐదూ నలభైకే వాలుతుంది. సాయంత్రం ఆరున్నర అని ఏడాది పొడవునా ఒకే వేళ పెట్టినవాళ్ళు చలికాలంలో గూడు వదిలి వెళ్ళే అసలు ఘట్టాన్నే పోగొట్టుకుంటారు. ఆ తర్వాత చలికాలంలో గబ్బిలాలు తగ్గాయని రాస్తారు.

కార్డు విషయంలో కక్కుర్తి పనికిరాదు. సెకనుకు 768 కిలోబైట్లు రాయడం ఏ కార్డుకూ బరువు కాదు. కష్టం వేగంలో లేదు, నాసిరకం కార్డులు రాస్తూ రాస్తూ మధ్యలో కాసేపు నిలిచిపోవడంలో ఉంది. అలా నిలిచినప్పుడు వచ్చే ధ్వనిని పట్టి ఉంచే జాగా బోర్డులో కొంచెమే, దాంతో రికార్డింగులో ఖాళీలు పడతాయి. పేరున్న కంపెనీ కార్డు, బిల్లుతో కొనాలి. బజారులో 128 అని రాసి ఉండి లోపల 16 మాత్రమే ఉండే దొంగ కార్డులు ఉంటాయి. వాటిని పైనుంచి చూసి గుర్తుపట్టలేం. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రాముతో కార్డు మొత్తం నింపి, తిరిగి చదివించి చూశాకే అడవికి పంపాలి. వాడే ముందు ప్రతిసారీ ఫార్మాట్ చేయాలి.

సెల్లుల దగ్గర తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. మూడు సెల్లులు ఉన్నాయి కదా అని ఒక్కో సెల్లు సామర్థ్యాన్ని మూడుతో గుణిస్తారు. అవి వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి వోల్టేజి కూడుతుంది, ఒకటిన్నర చొప్పున నాలుగున్నర వోల్టులు. సామర్థ్యం మాత్రం ఒక సెల్లుది ఎంతో అంతే. కాన్ఫిగరేషన్ యాప్ అడుగున రోజుకు ఎన్ని ఫైళ్ళు, ఎన్ని మెగాబైట్లు, ఎన్ని మిల్లీ ఆంపియర్ గంటలు అన్నది కనిపిస్తుంది. ఉదాహరణకు అక్కడ రోజుకు 200 అని ఉంటే, 3,000 సామర్థ్యం ఉన్న లిథియం సెల్లులు కాగితం మీద పదిహేను రోజులు. ఐదో వంతు తీసేసి పన్నెండు అనుకోవాలి. మూడు సెల్లుల్లో ఒకటి పాతదైతే ఆ ఒక్కటే మిగతా రెండింటినీ ఆపేస్తుంది కనుక పాతవి, కొత్తవి కలపకూడదు. మన ఎండాకాలానికి ఆల్కలైన్ సెల్లుల కన్నా లిథియం నయం. వేడికి, ఎక్కువ రోజులు వదిలేయడానికి ఆల్కలైన్ సెల్లులు కారతాయి. కారిన రసం స్ప్రింగులను తినేస్తే బోర్డు బాగున్నా పరికరం పనికిరాదు. రీచార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు కూడా పనిచేస్తాయి. ఊరి దగ్గరే పని, వారానికోసారి వెళ్ళి మార్చగలం అనుకునేవాళ్ళకు ఖర్చు బాగా కలిసొస్తుంది. యాప్‌లో ఆ రకం సెల్లులు వేశామని చెప్పే గుర్తు పెట్టాలి, లేకపోతే దీపం చూపించే బ్యాటరీ స్థాయి తప్పుగా ఉంటుంది.

ఇప్పుడు గడియారం. సెల్లులు తీసేస్తే గడియారం చెరిగిపోతుంది. గదిలో సమయం పెట్టి, తీసుకెళ్ళేటప్పుడు భద్రం కోసమని సెల్లులు విప్పి, చెట్టు దగ్గర మళ్ళీ వేస్తే చేసిన పనంతా పోయినట్టే. ముందు కొత్త సెల్లులు వేయాలి, తర్వాత సమయం పెట్టాలి, ఆ తర్వాత సెల్లులు ముట్టుకోకూడదు. ల్యాప్‌టాప్ లేని చోట ఆడియోమాత్ చైమ్ అనే ఫోన్ యాప్ పనికొస్తుంది. ఫోన్ ఒక చిన్న రాగం వాయిస్తుంది, ఆ ధ్వనిని విని బోర్డు సమయం, ఉన్న చోటు నమోదు చేసుకుంటుంది.

స్విచ్‌కు మూడు స్థానాలు. యూఎస్‌బీ లేదా ఆఫ్ ఒకటి, కస్టమ్ ఒకటి, డిఫాల్ట్ ఒకటి. మనం పెట్టిన వేళలు కస్టమ్‌లోనే నడుస్తాయి. డిఫాల్ట్‌కు జారితే వేళలతో పని లేకుండా వెంటనే మొదలుపెట్టి పగలూ రాత్రీ రికార్డు చేస్తూనే ఉంటుంది. గడియారం పెట్టకపోయినా ఆగదు. ఫైళ్ళన్నీ 1970 జనవరి తేదీలతో వస్తాయి. స్విచ్ చిన్నది, కేసు మూసేటప్పుడు వేలు తగిలితే జరుగుతుంది. మూసే ముందు దీపాలు ఒకసారి చూడాలి. కస్టమ్‌లో పెట్టినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రెండూ కలిసి మెరిస్తే అక్కడే ఆగాలి. గడియారం లేదనో, కార్డు చదవడం లేదనో అర్థం. ఆకుపచ్చ ఒక్కటే మెరుస్తుంటే తన వేళ కోసం ఎదురుచూస్తోందని అర్థం. రికార్డు చేసేటప్పుడు ఎరుపు. అడవిలో దీపాలు ఎవరి కంటా పడకూడదనుకుంటే యాప్‌లో ఆపేయవచ్చు, కానీ మొదటిసారి పెట్టేటప్పుడు ఆపకండి.

ఫైలు పేరులో తేదీ, సమయం ఉంటాయి. మామూలుగా అది గ్రీనిచ్ సమయం, మన సమయానికి ఐదున్నర గంటలు వెనక. సాయంత్రం ఆరున్నర ఫైలు 130000 అని కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. యాప్‌లో స్థానిక సమయానికి మార్చుకోవచ్చు. మా సలహా గ్రీనిచ్ సమయాన్నే ఉంచడం. మన రాత్రి ఏడు నుంచి తెల్లవారి ఐదున్నర దాకా అందులో ఒకే తేదీ కింద వస్తుంది. స్థానిక సమయంలో ప్రతి రాత్రీ అర్ధరాత్రి దగ్గర రెండు తేదీలుగా విడిపోయి, రాత్రుల వారీగా లెక్కలు తీసేటప్పుడు తలనొప్పి తెస్తుంది. ఏది ఎంచుకున్నా ఒక పరిశోధనలో అన్ని రికార్డర్లకూ అదే ఉండాలి. ఎవరో ఒకరు ఒక యూనిట్‌కు వేరేగా పెట్టారంటే ఐదున్నర గంటల తేడా రాత్రంతటినీ తారుమారు చేస్తుంది. అనుమానం వస్తే ఫైలు శీర్షంలోని (హెడర్‌లోని) వ్యాఖ్య చదవండి. ఏ సమయానికి, ఏ నంబరు బోర్డు, ఏ గెయిన్‌తో (ధ్వనిని పెంచే మోతాదుతో) రికార్డు చేసిందో, అప్పుడు సెల్లుల వోల్టేజి, ఉష్ణోగ్రత ఎంతో ప్రతి ఫైలులోనూ ఒక వాక్యంగా రాసి ఉంటుంది. ఖరీదైన రికార్డర్లలో కూడా ఇంత సూటిగా చదువుకునే సమాచారం అరుదు.

మైక్రోఫోను దగ్గర మాత్రం ధర తేడా తెలుస్తుంది. బోర్డు మీద ఉన్నది చిప్పు రూపంలో ఉండే చిన్న మైక్రోఫోను (మెమ్స్). స్థాయి పెరిగేకొద్దీ దాని సున్నితత్వం తగ్గుతుంది, సొంత రొద కూడా ఉంది. దీనికి గాలి తోడవుతుంది. 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని గాలి మీటరుకు ఒకటింపావు డెసిబెల్ మేర మింగితే, 130 దగ్గర మీటరుకు నాలుగైదు డెసిబెల్స్ మింగుతుంది. 33, 35 కిలోహెర్ట్జ్ దగ్గర కూసే ఎలుకతోక గబ్బిలం, బాగా ఎత్తున ఎగిరే టాఫోజోస్ గబ్బిలాలు దూరం నుంచే పడతాయి. ఆకుముక్కు గబ్బిలం కొద్ది మీటర్ల లోపు రావాలి. కాబట్టి ఒకే రికార్డరులో ఎలుకతోక గబ్బిలం కూతలు వంద, ఆకుముక్కువి పది ఉంటే మొదటిది పది రెట్లు ఎక్కువ ఉందని కాదు. వేర్వేరు జాతుల కూతల సంఖ్యలను ఒకదానితో ఒకటి పోల్చకూడదు. ఒకే జాతిని ఒక చోటికీ ఇంకో చోటికీ, ఒక నెలకూ ఇంకో నెలకూ పోల్చవచ్చు, అదీ అన్ని చోట్లా ఒకే ఎత్తు, ఒకే గెయిన్, ఒకే రకం కేసు వాడినప్పుడు.

కేసు అంటే గుర్తొచ్చింది. బోర్డు ఒక్కటే వస్తుంది, నీరు చొరని కేసు విడిగా కొనాలి. దాని మూతలో మైక్రోఫోనుకు ఎదురుగా పల్చటి పొర ఉంటుంది, నీటిని ఆపి ధ్వనిని వదులుతుంది. ఈ పొర పైస్థాయి కూతలను కొంత తగ్గిస్తుంది, పక్కల నుంచి వచ్చేవాటిని ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది. డబ్బు మిగల్చడానికి జిప్ కవరులో పెట్టి కట్టడం కూడా వాడుకలో ఉంది. పక్షులకు, కప్పలకు అది నడుస్తుంది. 130 కిలోహెర్ట్జ్ కోసం చూసేవాళ్ళు ఆ పని చేయవద్దు. ప్లాస్టిక్ పొర మైక్రోఫోనుకు ఆనీ ఆనకుండా ఉంటే కూత తగ్గిపోతుంది, గాలికి కవరు చేసే చప్పుడు తోడవుతుంది. కేసు కొనండి. లోపల చిన్న సిలికా జెల్ పొట్లం వేయండి, అది మైక్రోఫోనుకు అడ్డం రాకుండా సెల్లుల వైపు ఉండాలి. మూత చుట్టూ ఉన్న రబ్బరు మీద ఇసుక రేణువు ఉన్నా వానాకాలంలో నీళ్ళు దిగుతాయి. తుడిచి మూయాలి. పొర ఆకాశం వైపు చూసేలా కట్టకూడదు. వాన చుక్క దాని మీద నిలిచినంతసేపూ రికార్డరు చెవిటిదే. నిటారుగానో, కొంచెం కిందికి వంచో కట్టాలి. నేరుగా ఎండ పడే చోట వద్దు, ఏప్రిల్, మే నెలల్లో మూసిన డబ్బా లోపల వేడి బయటికన్నా బాగా ఎక్కువ. చీమలు బెల్టు మడతల్లో చేరతాయి. కోతులున్న చోట పొడవాటి బెల్టు కొస వేలాడనివ్వవద్దు, ఆ కొస పట్టుకునే లాగుతాయి.

ఎక్కడ కట్టాలి అన్నది జాతిని బట్టి మారుతుంది. చెరువు గట్టు మీద వేటాడే చిన్న గబ్బిలాలకు నీటి వైపు ఖాళీగా ఉన్న కొమ్మ బాగుంటుంది. రెండున్నర, మూడు మీటర్ల ఎత్తు చాలు. చెట్టు బోదెకు ఆనించి కడితే వెనకనుంచి ప్రతిధ్వని వచ్చి కూత మీద కూత పడుతుంది, కొమ్మకో కర్రకో కట్టి కాస్త బయటికి జరపాలి. ఆకులు ఒక మీటరు లోపు ఉండకూడదు, గాలికి రాసుకుంటే ఆ రొద 40 కిలోహెర్ట్జ్ దాకా పాకుతుంది. ఆకుముక్కు గబ్బిలాలకు ఖాళీ చోటు పనికిరాదు. అవి గోడల వెంట, పొదల అంచుల వెంట కిందుగా వెళ్తాయి కాబట్టి కోట బురుజు పక్కన నడిచే దారి, గుహ నుంచి బయటికి వచ్చే వాగు లాంటి ఇరుకు చోట్లు చూడాలి. గూడు నోటి దగ్గరే పెడితే గెయిన్ తక్కువకు దించాలి, మామూలు చోట్ల మీడియం ఉంచవచ్చు. గెయిన్ ఎక్కువై కూత పై అంచులు తెగితే స్పెక్ట్రోగ్రామ్‌లో లేని గీతలు పుట్టి, వాటిని ఇంకో జాతి అనుకునే అవకాశం ఉంది. పిల్లలున్న కాలంలో గూటి లోపలికి వెళ్ళి పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బెదిరి ఎగిరే తల్లుల నుంచి పిల్లలు జారి కింద పడతాయి. అభయారణ్యాల్లో వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి, పురావస్తు శాఖ కట్టడాల్లో ఆ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

కూత వచ్చినప్పుడే రికార్డు చేసే ట్రిగ్గర్ సౌకర్యం ఉంది. రెండు రకాలు. ధ్వని ఒక మట్టం దాటితే రాయడం ఒకటి, ఒక నిర్దిష్ట స్థాయిలో ధ్వని ఉంటేనే రాయడం రెండోది. రెండో రకంలో 40 దగ్గర పెడితే 130 దగ్గర కూసేది కార్డుకు ఎక్కదు, కాబట్టి జాతుల సర్వేకు అది పనికిరాదు. మొదటి రకం ఎండాకాలంలో బాగా పనిచేసి కార్డు మిగులుస్తుంది. జులై నుంచి అక్టోబరు దాకా కీచురాళ్ళు, మిడతజాతి పురుగులు అతిధ్వనిలోనే రాత్రంతా కీచుమంటాయి, ట్రిగ్గర్ తెరుచుకునే ఉంటుంది. మట్టం పెంచితే పురుగులతో పాటు దూరపు గబ్బిలాలూ పోతాయి. వానాకాలం సర్వేకు ట్రిగ్గర్ వదిలేసి విడతల పద్ధతి పెట్టుకోవడమే మంచిది. ట్రిగ్గర్‌తో రాసిన ఫైలు పేరు చివర టీ అక్షరం ఉంటుంది. మధ్య నిశ్శబ్దాలు తీసేసి కుదించిన ఫైలు అది, కాన్ఫిగరేషన్ యాప్‌లో ఎక్స్‌పాండ్ చేశాకే కూతల మధ్య వ్యవధి నిజమైనది అవుతుంది. అలా చేయకుండా కొలిచిన వ్యవధులు దేనికీ పనికిరావు.

కింది స్థాయి ధ్వనులను ఆపే హై పాస్ ఫిల్టర్‌ను చాలామంది 20 కిలోహెర్ట్జ్‌కు పెడతారు. దక్కనులో ఉండే టడారిడా ఈజిప్టియాకా అనే గబ్బిలం 20 దగ్గరే కూస్తుంది, అరుదైన ఒటోమోప్స్ రౌటోని 15 దగ్గర మన చెవికే వినపడేలా కూస్తుంది. ఫిల్టర్ 8 లేదా 10 దగ్గర పెడితే ఈ రెండూ నిలుస్తాయి, మాటలు చాలావరకు పోతాయి. ఊళ్ళ మధ్య, గుడి ప్రాంగణంలో పెట్టే రికార్డరు జనం మాటలు రికార్డు చేసి ఉంచకూడదు. ఆ ఫిల్టర్ పెట్టామని స్థానికులకు చెప్పగలగడం కూడా అవసరమే.

వచ్చిన ఫైళ్ళను చూడటానికి కాలిడోస్కోప్ ఉచిత రూపం, రావెన్ లైట్, ఆడాసిటీ చాలు. జాతి పేరు తానే చెప్పే ప్రోగ్రాములను నమ్ముకోవద్దు. అవి నేర్చుకున్నది ఎక్కువగా యూరప్, ఉత్తర అమెరికా కూతల నుంచి. మన చెరువు గట్టు మీద తిరిగే పిపిస్ట్రెల్ అనే చిన్న గబ్బిలానికి నిస్సంకోచంగా ఏదో యూరప్ జాతి పేరు పెడతాయి. వాటిని కూత ఉన్న ఫైలు, లేని ఫైలు వేరు చేయడానికి వాడుకుని, పేరు పెట్టే పని మనం చేయాలి. ఆకుముక్కు, లాడంముక్కు గబ్బిలాలు ఒకే స్థాయిలో సాగదీసి కూస్తాయి కనుక స్థాయి కొలిస్తే చాలావరకు తేలిపోతుంది. పిపిస్ట్రెల్లస్, స్కోటోఫిలస్ జాతుల కూతలు ఒకదాని మీద ఒకటి పడేవి, చోటును బట్టి ఆకారం మార్చేవి. అక్కడ ప్రజాతి (జీనస్) దాకా రాసి ఆగడమే నిజాయితీ. భారతదేశంలో సుమారు 130 గబ్బిలం జాతులు ఉన్నాయి, వాటిలో చాలావాటికి నమ్మదగిన కూతల నమూనాలు ప్రాంతాల వారీగా ఇంకా కావాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భార్గవి శ్రీనివాసులు, చేల్మల శ్రీనివాసులు లాంటి వాళ్ళు దక్షిణ భారత గబ్బిలాల మీద చేసిన పని ఇక్కడ మొదలుపెట్టేవాళ్ళకు ఆధారం.

ఈ పరికరం చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. మర్రి, చింత చెట్లకు వేలాడే పెద్ద పండ్ల గబ్బిలం ప్రతిధ్వనితో దారి వెతకదు. కళ్ళతో, వాసనతో తిరుగుతుంది, దానికి ఆడియోమాత్ అక్కర్లేదు. పగటిపూట చెట్టు కింద నిలబడి లెక్కపెట్టడమే పద్ధతి. మెగాడెర్మా లైరా అనే గబ్బిలం గుసగుసలాడినంత నెమ్మదిగా కూస్తుంది, ఎలుకో కప్పో కదిలిన చప్పుడు విని వేటాడుతుంది. రికార్డరులో పడకపోతే అది లేదని రాయకూడదు. ఇక ఎన్ని గబ్బిలాలు ఉన్నాయన్న ప్రశ్నకు ఏ ధ్వని రికార్డరూ జవాబు ఇవ్వదు. ఒకటే గబ్బిలం ఇరవై సార్లు తిరిగినా, ఇరవై ఒక్కోసారి వచ్చినా ఫైళ్ళు అవే. కర్ణాటకలోని కోలారు జిల్లా హనుమనహళ్ళి గుహలో తప్ప ఇంకెక్కడా లేని కోలారు ఆకుముక్కు గబ్బిలాన్ని చూడండి. రెండు వందల లోపే మిగిలి, 2016లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా నమోదైంది. గ్రానైటు తవ్వకాలు దానికి పెద్ద ముప్పు. అలాంటి జాతి సంఖ్యను గుహ నోటి దగ్గర పరారుణ కెమెరాతోనే లెక్కించాలి. చుట్టుపక్కల ఏ గుట్టలను, ఏ చెరువులను మేతకు వాడుకుంటోందో, ఏ గుట్టను తవ్వనివ్వకూడదో చెప్పడంలో ఆడియోమాత్ పదిచోట్ల పెట్టగల శక్తి బాగా అక్కరకొస్తుంది. దాని కూత వంద కిలోహెర్ట్జ్ కాస్త దాటి ఉంటుంది. 250 సెట్టింగులో ఫుల్వస్ కూత మడత పడి వాలేది కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే.

కొనే దారి గురించి నాలుగు మాటలు. ఇది దుకాణాల్లో దొరకదు. గ్రూప్‌గెట్స్ ద్వారా గుంపుగా కొనే విడతల్లోనో, బెర్లిన్‌లోని ల్యాబ్‌మేకర్ దగ్గరో తెప్పించుకోవాలి. దిగుమతి సుంకం, పంపే ఖర్చు బోర్డు ధర మీద బాగానే పడతాయి, కాబట్టి రెండు మూడు విభాగాలు కలిసి ఒకేసారి తెప్పించుకోవడం మంచిది. ప్రాజెక్టు బడ్జెట్‌లో ఒక్కో బోర్డుకు ఒక కేసు, రెండు కార్డులు, లిథియం సెల్లుల రెండు సెట్లు, బెల్టు రాసుకోండి. ఇవన్నీ కలిస్తే మొదట చూసిన ధరకు దాదాపు రెట్టింపు అవుతుంది. అయినా చవకే. ఒకే చోట, ఒకే గుహ దగ్గర, మంచి మైక్రోఫోనుతో ఏళ్ళ తరబడి పనిచేయాలనుకునేవాళ్ళు ఖరీదైన రికార్డరు వైపే వెళ్ళాలి. చేతిలో పట్టుకుని తిరుగుతూ నేర్చుకోవాలనుకునేవాళ్ళకు ఫోనుకు తగిలించే ఎకో మీటర్ టచ్ రకం నయం. ఒక జిల్లాలో ఇరవై చెరువులను, పది గుట్టలను ఒకే రాత్రి వినాలనుకునేవాళ్ళు ఆడియోమాత్ తీసుకోండి. అన్నిటినీ పంపించే ముందు ఒక రాత్రి ఒకే గోడ మీద పక్కపక్కన పెట్టి రికార్డు చేసి చూడండి. ఒకటి రెండు బోర్డుల మైక్రోఫోన్లు మిగతావాటి కన్నా మందంగా వింటుంటాయి. వాటి నంబర్లు రాసుకుని, పోలికలు అక్కర్లేని పనికి పక్కన పెట్టుకోవాలి.